కుశలానికి చెప్పని మాటలు

బహుళ పాడ్యమి

కాగితం మీద రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను. ఇంటి గోడలో ఉండే కుశలం అనే యంత్రం కాగితం చదవలేదట. దాన్ని పెట్టిన పైవాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పినవన్నీ నమ్మే మనిషినైతే పంపుహౌసు బీరువా అడుగు నుంచి ఈ పాత లాగ్‌బుక్కు దులిపి తీసేవాణ్ణే కాదు.

నా పేరు ఓలేటి ధనరాజు. యాభై ఎనిమిదేళ్ళు. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడకి లోపల, అలల కంటే రెండు నిలువుల కింద ఉన్న ఊరు మాది. గోడలోంచి ఊరే నీళ్ళన్నీ ఓ గోతిలోకి చేరతాయి. వాటిని పంపులు మళ్ళీ సముద్రంలోకి తోడిపోస్తాయి. ఆ పంపులు చూసే ఆపరేటర్ని నేను. తేదీలు వేయడం నాకు అలవాటు లేదు. మా తాత వేటకి పోయేవాడు. పోటూ పాటూ క్యాలెండరు చూసి రావురా, చంద్రుణ్ణి చూసి వస్తాయి అనేవాడు. అందుకని తిథులే.

సాయంత్రం ఆరు కాగానే ప్రతి ఇంటి గోడలోంచీ కుశలం మాట్లాడుతుంది. మూడే ప్రశ్నలు. మీ సరదా ఎలా ఉంది? మీ పని ఎలా ఉంది? నేను ఎలా ఉన్నాను? బాగుంది అన్నామా, నిమిషంలో వదిలేస్తుంది. బాగాలేదు అన్నామా, దాని మీద నలభై కొసరు ప్రశ్నలు వేస్తుంది. ఎందుకు, ఎప్పటినుంచి, ఎంత, ఎవరెవరు చూశారు. అన్నం చల్లారిపోతుంది. అందుకే మా ఊళ్ళో అందరికీ అన్నీ బాగానే ఉంటాయి. ఆరింటికి వీధిలో నడిచి చూడండి. కిటికీ కిటికీలోంచీ బాగుంది బాగుంది బాగుంది అని, సంధ్యావందనం చేస్తున్నట్టు.

ఇక్కడ మాత్రం అసలు సంగతి రాసుకుంటాను. నా సరదా క్యారమ్స్. ప్రపంచంలో అంతకంటే మంచి ఆట లేదు. ఆన్‌లైన్లో ఆడే క్యారమ్స్ క్యారమ్స్ కాదు, వేలికి నొప్పి పుట్టనిది ఆటేమిటి? పని సంగతంటారా, వారానికి మూడు రోజులు, తెర మీద అంకె చూడ్డం, రాయడం. ఒకప్పుడు ఇక్కడే హెల్పరుగా ఉన్నప్పుడు చేతులకి గ్రీజు అంటేది, ఇప్పుడు కళ్ళకి మంటే మిగిలింది. ఇక కుశలం. నన్నెందుకు ఇన్ని అడుగుతుంది? నాకేమైనా చుట్టమా అది? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

బహుళ తదియ

పంపుహౌసులో నాతో పాటు షిఫ్టు చేసే అమ్మాయి మేరీ సుజాత. ముప్పై ఉంటాయి. చర్చిలో హార్మోనియం వాయిస్తుంది, అదే ఆమె సరదా. మనిషి మెత్తన. కానీ సంచిలో ఓ చిన్న నోటుపుస్తకం ఉంది. నేను టీకి లేచినప్పుడల్లా అందులో ఏదో రాసి, నేను రాగానే మూసేస్తోంది. నా మీద రిపోర్టు కాకపోతే మరేమిటి?

ఇంటికొచ్చి మా ఆవిడ నూకరత్నంతో అన్నాను. "అనుమానం ముందు పుట్టి తర్వాత నువ్వు పుట్టేవు" అంది. నలభై ఏళ్ళుగా ఇదే మాట.

తెర మీద గోతిలో నీటి అంకె: నలభై ఒక్క అంగుళాలు.

బహుళ పంచమి

మస్తాన్ గురించి రాయాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

షేక్ మస్తాన్, నేను ముప్పై ఏళ్ళుగా క్యారమ్స్ జోడీ. ఊరికి ఆరు వరసలుంటే వాడిది అన్నిటికంటే పల్లం, గోడని ఆనుకున్న ఆరో వరస. మోకాళ్ళు పోయాయి, ఒంటరివాడు. అందుకని బోర్డు వాడి ఇంట్లోనే, మంగళ శుక్రవారాలు నేనే దిగి వెళ్తాను. ఈ మధ్య బోర్డు మీద స్ట్రైకర్ జారడం లేదు. నేను కొట్టిన కాయ సగం దారిలో ఆగిపోతుంది. వాడు మాత్రం గట్టిగా కొట్టి గెలుస్తున్నాడు. ఇవాళ పౌడరు చిటికెడు తీసి చూశాను. ముద్దగా ఉంది. నాలిక మీద వేసుకుంటే ఉప్పగా తగిలింది.

"ఇందులో ఏటి కలిపేవురా?" అన్నాను.

"నేనేటి కలుపుతాను? అలాగే ఉంది" అన్నాడు, మొహం పక్కకి తిప్పి.

ఆ మొహం తిప్పడం నేను చూశాను. మస్తాన్ పౌడర్లో ఉప్పు కలుపుతున్నాడు. తన వేలి బలం తనకి తెలుసు, నా వేలికి సత్తువ తగ్గిందనీ తెలుసు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు ఒక్క ఎర్రకాయ కోసం ఇంతకి దిగజారాడు. ఛీ. రెండు గేములు మిగిలుండగానే లేచి వచ్చేశాను. వాడు పిలవలేదు.

కుశలం ఆరింటికి అడిగింది. సరదా ఎలా ఉంది? బాగుంది, అన్నాను.

బహుళ సప్తమి

ఇవాళ కుశలం కొత్త ప్రశ్న వేసింది. బాగుంది అన్న తరువాత కూడా వదల్లేదు.

"మీ క్యారమ్ బోర్డు మీద పౌడరు ఎలా జారుతోంది?"

పౌడరు గొడవ దీనికెవరు చెప్పారు? అక్కడున్నది ఇద్దరమే. నేను చెప్పలేదు. మస్తానే చెప్పి ఉంటాడు, ముందుగా నామీద నేరం తోసెయ్యడానికి.

"బ్రహ్మాండంగా జారుతోంది" అన్నాను.

తరువాత, "నేను ఎలా ఉన్నాను?" అని అడిగింది.

"నువ్వు బ్రహ్మాండంగా ఉన్నావు."

ఎందుకు జాగ్రత్త పడుతున్నానో కూడా రాసి పెడతాను. మా ఊళ్ళో మూడు నోళ్ళ నియమం ఉంది. నాలుగేళ్ళ కిందట నా ముందున్న ఆపరేటరు భయపడి ఉత్తపుణ్యానికి సైరన్ మోగించాడు. నీళ్ళు రాలేదు గానీ, అందరూ ఎక్కాల్సిన బడి మేడ మెట్ల మీద తొక్కిసలాటలో పదకొండుమంది పోయారు. అప్పుడు సైరన్ తాళం, నాలుగో పంపు తాళం మనుషుల దగ్గర తీసేసి కుశలానికిచ్చారు. తెర మీద అంకె గీత దాటితే ఆ పంపు దానంతటదే తిరుగుతుంది, లేకపోతే ఒకే పోటు లోపల మూడు ఇళ్ళవాళ్ళు, ఎవరూ నూరిపొయ్యకుండా, తమంతట తాము, తమ మాటల్లో బాగాలేదు అంటేనే కుశలం ఆ తాళాలు తియ్యాలి. ఒకే ఇంటివాళ్ళు ఎంతమంది అన్నా ఒకే నోరు. జనాన్ని భయపెట్టే ముక్క కుశలం కూడా అనకూడదు. పైగా, ఊట మీద మూడు నోళ్ళు పడితే ఆపరేటరు ఉద్యోగం ఆ రోజుతో సరి. కాబట్టి నా ఉద్యోగం ఊరి నోట్లో ఉంది. నేనెవర్ని నమ్మాలి?

తెర మీద నలభై ఒకటి.

బహుళ నవమి

నూకరత్నం సరదా అప్పడాలు. మేడ మీద ఎండబెట్టి, పువ్వుల్లా రంగులు వేసి పంచుతుంది. ఇవాళ ఆమెని అడిగింది కుశలం, "మీ అప్పడాలు ఎన్ని రోజులకి ఎండుతున్నాయి?" అని. ఇదివరకు రెండ్రోజులు, ఇప్పుడు నాలుగు. కానీ నేను పక్కనుంచి సైగ చేశాను.

"బాగా ఎండుతున్నాయి" అంది. తరువాత నా మీద విరుచుకుపడింది. "అప్పడాలకి కూడా అబద్ధం ఆడాలా? ఎండలేదని సెప్తే అదేటి నీ పీక నొక్కేత్తదా?"

"నీకు తెలీదు ఊరుకో."

నాకు మాత్రం ఏం తెలుసని! ఆన్‌లైన్ పరికరాలతో నాకున్న గొడవ ఇదే. మా నాన్న కాలంలో గడియారం అంటే టైము చెప్పేది, టైమెంతయిందని మనల్ని అడిగేది కాదు.

బహుళ ద్వాదశి

శుక్రవారం. క్యారమ్స్‌కి వెళ్ళలేదు. రెండోసారి మానేశాను. మస్తాన్ దగ్గర నుంచి కబురు వచ్చింది: "రాకపోతే పోయేవులే. పైనే ఉండు. అదే మంచిది."

పైనే ఉండు అంటే ఏమిటి దాని అర్థం? నేను పై వరసవాణ్ణనే ఎత్తిపొడుపా? సాయంత్రమంతా వేళ్ళు ఊరుకోలేదు. బల్ల మీద గుండీ పెట్టి కొట్టుకుంటూ కూర్చున్నాను. వాడు లేకపోతే నాకు తోచడం లేదు. ఈ మాట కాగితానికి తప్ప ఎవరికీ చెప్పను.

బహుళ త్రయోదశి

పంపుల చప్పుడు మారింది. కొత్తవాళ్ళు తెర చూస్తారు, నేను చువ్వ పెట్టి వింటాను. ఇనుప చువ్వ ఒక కొస బేరింగు మీద ఆనించి రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనిస్తే పంపు లోపలి సంగతంతా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ గలగలా తోడేది. ఇప్పుడు బరువుగా, ఆయాసపడుతూ తోడుతోంది. తెర మీద మాత్రం అదే నలభై ఒకటి.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. రాసినప్పుడల్లా నలభై ఒకటే. పంపుహౌసు రికార్డు తీసి చూస్తే రెండు నెలల పైనుంచి నలభై ఒకటి. పౌర్ణమి పోటుకీ అదే, అష్టమికీ అదే. సముద్రం ఎప్పుడైనా అలా ఉంటుందా?

పైవాళ్ళు అంకె బిగించేశారన్నమాట. చూశారా, మనిషి లేకపోయినా ఒక్క అంగుళం తేడా రాలేదు అని చూపించి నన్ను ఇంటికి పంపడానికి. ఈ సుజాత నోటుపుస్తకం కూడా ఆ లెక్కలోదే. ఎల్లుండి అమావాస్య షిఫ్టు ఉంది. గోతి మూత ఎత్తకూడదని రూలు. ఎత్తుతాను. మా తాత పడవ గెడ ఇంట్లో అటక మీద ఉంది. దాంతో కొలిచి వాళ్ళ అబద్ధం వాళ్ళ మొహానే కొడతాను.

అమావాస్య

బడి మేడ మీద కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం నాలుగయింది.

ఉదయం ఏడింటికి గెడ పట్టుకుని పంపుహౌసుకి వెళ్ళాను. సుజాత అప్పటికే తెర ముందు కూర్చుంది. ఎనిమిదింటికి టీకి లేస్తున్నట్టు లేచి, గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగాను. నోటుపుస్తకం తీసింది. చటుక్కున లాక్కున్నాను.

"బాబాయిగారూ, ఇచ్చేయండి!" అంది.

ఇవ్వలేదు. తెరిచాను. పేజీలనిండా హార్మోనియం. "మూడో మెట్టు బిగుసుకుంది. ఐదో మెట్టు పలకడం లేదు. రీడు మీద తెల్లటి ఉప్పు. గాలితిత్తి తోలు చెమ్మ." ప్రతి రోజుకీ తేదీ వేసి రెండు నెలల పైన రాసుకుంది.

"ఇదేమిటమ్మా?"

"కుశలం రోజూ అడుగుతోందండి, హార్మోనియం ఎలా పలుకుతోందని. బాగానే పలుకుతోందని చెప్పేసి, నిజం ఇందులో రాసుకుంటున్నాను."

"దానికే చెప్పొచ్చు కదా!"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. "మీరెప్పుడూ ఆ పెద్ద పుస్తకంలో ఏదో రాస్తుంటారు కదండీ. నా మీద పైకి రాస్తున్నారనుకున్నాను. చెమ్మ అన్నానంటే పంపుల మీద నేరం చెప్పానంటారేమోనని."

సిగ్గుతో నా తల వాలిపోయింది. మాటలకి టైము లేదు. ఇద్దరం కలిసి గోతి మూత ఎత్తాం. గెడ దించాల్సిన పనే లేకపోయింది, నీళ్ళు కళ్ళకే కనబడుతున్నాయి. అయినా దించాను. డెబ్బై ఎనిమిది అంగుళాలు. అరవై దాటితే నాలుగో పంపు దానంతటదే తిరగాలి. తిరగలేదు, ఎందుకంటే తెర మీద నలభై ఒకటి ఉంది.

"కుశలం! గోతిలో నీ కొలత తప్పు" అని అరిచాను.

"నా కొలతల గురించి జనానికి చెప్పే అనుమతి నాకు లేదు" అంది గోడలోంచి, ఎప్పటి గొంతుతోనే. "మీ అభిప్రాయం చెప్పండి. మీ పని ఎలా ఉంది?"

అప్పుడు దిగింది నా బుర్రలోకి. దీని కళ్ళు పోయాయి. ఎన్నాళ్ళ కిందటో పోయాయి. నీళ్ళున్నాయా అని అడగడానికి వీల్లేదు, అడిగితే భయపెట్టినట్టు. అందుకని పౌడరు జారుతోందా, అప్పడాలు ఎండుతున్నాయా, హార్మోనియం పలుకుతోందా అని తడుముకుంటోంది. మేమేమో ఇంటింటా బాగుంది అని దాని కళ్ళల్లో మట్టి కొట్టాం.

పోటు పూర్తిగా ఎక్కేది తొమ్మిదీ నలభైకి. గడియారంలో ఎనిమిదిన్నర.

"నా పని బాగాలేదు" అన్నాను. ఈ ఉద్యోగంలో ఆ మాట అనడం మొదటిసారి. గోతిలో నీటి లోతు, పంపు ఆయాసం, అన్నీ చెప్పాను. కొసరు ప్రశ్నలకి ఠకఠకా సమాధానాలు చెప్పాను.

"ఒక నోరు" అంది కుశలం.

సుజాత తన నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. "రెండు నోళ్ళు."

మూడోది కావాలి. నూకరత్నం చెప్పినా నాది, ఆమెది ఒకే ఇంటి నోరు. ఆరో వరసలో ఇళ్ళకి కుశలం ద్వారానే ఫోను కలిపించాను. "ఎలా ఉందండీ ఇంట్లో?" అని నోరు తెరిచానో లేదో, "ఆయ్, బాగుందండి, బాగుంది" అని పెట్టేశారు. నలుగురు. ఉదయం పూట కూడా అదే పాట! కుశలం అనుకున్నారో ఏమో. సుజాత పరిగెడతానంది, అక్కడికి అరగంట నడక. వెళ్ళి అరిచినా సైరన్ లేకుండా ఎవరూ కదలరు, ఆ పదకొండుమంది తరువాత వీధిలో అరిచినవాణ్ణి ముందు గదిలో పెట్టి తాళం వేస్తారు.

తొమ్మిదీ పదికి మస్తాన్ లైన్లోకి వచ్చాడు. పది రోజుల తరువాత వాడి గొంతు వినడం.

"ఒరే మస్తానూ, మీ ఇంట్లో ఎలా ఉందిరా?"

"బాగుంది."

"నేల చూసి చెప్పరా, తడి..."

"నూరిపోసిన మాట లెక్కకి రాదు" అంది కుశలం.

"బాగుందన్నాను గదా. ఏటి నీ బాధ?" అన్నాడు మస్తాన్.

వాడి మొండితనం నాకు తెలుసు. బతిమాలితే ఇంకా బిగుస్తాడు. నీళ్ళని అనకూడదు, తడి అనకూడదు, లెమ్మనకూడదు. నా చేతిలో ఈ పుస్తకం తప్ప ఏమీ లేదు. పంచమి పేజీ తీసి చదవడం మొదలుపెట్టాను. ఎందుకు చదివానో అప్పుడు నాకే తెలీదు, ముప్పై ఏళ్ళ జోడీకి చెప్పకుండా దాచిన నిజం అదొక్కటే ఉంది.

"మస్తాన్ పౌడర్లో ఉప్పు కలుపుతున్నాడు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు ఒక్క ఎర్రకాయ కోసం ఇంతకి దిగజారాడు. ఛీ."

సుజాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటన్నావు?" అన్నాడు మస్తాన్.

మళ్ళీ చదివాను. ఛీతో సహా చదివాను.

"ఉప్పా? నేనా? ఓరి అనుమానం పీనుగా! నెల్లాళ్ళ నుంచి నేల సెమ్మగిలి సత్తన్నానురా! మంచం కోళ్ళ కింద ఇటికలెట్టుకుని పడుకుంటన్నాను. గోడ మీద సెయ్యేత్తే ఉప్పునీరు కారతంది. పౌడరు ముద్దకట్టక ఏం సేత్తది? ఆ ముక్క దానికి సెప్తే నీ ఉజ్జోగం పోద్దని, పూటపూటా బాగుంది బాగుంది అని సెప్పుకుంటా కూకున్నాను. నిన్ను పైనే ఉండమన్నదీ అందుకే, వచ్చి సూత్తే నువ్వే సెప్పేత్తావని. ఏటి బాగుంది? నా బొంద బాగుంది! ఏమీ బాగాలేదు!"

"మూడు నోళ్ళు" అంది కుశలం.

సైరన్ మోగింది. నాలుగో పంపు ఒక్కసారి దగ్గి తిరగడం మొదలుపెట్టింది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సుజాత ఉందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

తొమ్మిదీ నలభై ఐదుకి ఆరో వరస వెనక గోడ రెండు బారల మేర జారింది. కిటికీల దాకా నీళ్ళు. అప్పటికి వరసలో మనిషన్నవాడు లేడు. మస్తాన్‌ని ఇద్దరు పక్కింటివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడట.

శుద్ధ విదియ

ఉద్యోగం పోయింది. కాగితం నిన్న వచ్చింది, పద్ధతి ప్రకారం మూడు నోళ్ళు, అందులో మొదటి నోరు నాదే. చదివి మడిచి ఈ పుస్తకంలోనే పెట్టాను. నూకరత్నం మస్తాన్‌కి హాల్లో పక్క వేసింది. వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నాతో మాత్రం మాట్లాడ్డం లేదు.

సాయంత్రం ఆరింటికి కుశలం వచ్చింది. ఈసారి ముందు నేనే అడిగాను.

"ఎన్నాళ్ళయింది నీ కొలతలు పోయి?"

"మూడు నోళ్ళు పడ్డాయి కాబట్టి ఇప్పుడు చెప్పవచ్చు. అమావాస్యకి డెబ్బై మూడు రోజులు. ప్రతి రోజూ మిమ్మల్ని అడిగాను, నేను ఎలా ఉన్నాను అని. డెబ్బై మూడు సార్లూ బాగున్నావని చెప్పారు."

మస్తాన్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీ సరదా ఎలా ఉంది?" అంది కుశలం.

"బాగాలేదు" అన్నాను. "బోర్డు నీళ్ళలో పోయింది. జోడీగాడు మాట్లాడ్డం లేదు."

కొసరు ప్రశ్నలు మొదలయ్యాయి. ఎప్పటినుంచి, ఎందుకు, తప్పు ఎవరిది. నాదే అని చెప్పాను. చెబుతూ చెబుతూ ఈ పుస్తకం తీసి పంచమి పేజీ చింపబోయాను. మస్తాన్ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. వాడి వేళ్ళకి ఇంకా అదే బలం.

"ఉండనియ్యెహె" అన్నాడు. "ఆ తిట్టే గదా నన్ను బయటికి లాగింది."

చొక్కా జేబులోంచి స్ట్రైకర్ తీసి బల్ల మీద పెట్టాడు. నీళ్ళు తరుముకొస్తుంటే మనిషి తెచ్చుకున్నది అదొక్కటే. కుశలం ఇరవై మూడో ప్రశ్నగా, తప్పు ఎవరిదని మళ్ళీ అడిగింది. ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పాం, ఇద్దరివీ వేరేవేరే జవాబులు.